మన ఫోన్లే ఒకదానికొకటి సిగ్నల్ అందించుకుంటే భారం ఎవరి మీద? తరచుగా అడిగే ప్రశ్నలు

తుపానుకి టవర్లు ఆగిపోయినప్పుడు, జాతరలో నెట్ నిలిచిపోయినప్పుడు, కొండ కింద ఊళ్లో ఒక్క గీత కూడా రానప్పుడు పక్కవాళ్ల ఫోన్ మీదుగా మన కబురు పంపుకోవచ్చని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది వినే ఉంటారు. అదెలా పనిచేస్తుందో చెప్పేవాళ్లు దొరుకుతారు. అందులో ఎవరి బ్యాటరీ అయిపోతుంది, ఎవరి డేటా ఖర్చవుతుంది, ఎవరికి మేలు జరుగుతుంది అన్నది చెప్పేవాళ్లు తక్కువ. ఈ పేజీ దాని గురించే.

ఫోన్ ఫోన్‌కి సిగ్నల్ అందించడం అంటే ఏమిటి?

మామూలుగా మీ ఫోన్ నేరుగా టవర్‌తో మాట్లాడుతుంది. ఎదురింటికి ఫోన్ చేసినా సరే, మాట టవర్ దాకా వెళ్లి తిరిగి రావాల్సిందే. రిలే పద్ధతిలో మీ ఫోన్ దగ్గర్లో ఉన్న ఇంకో ఫోన్‌కి కబురు అందిస్తుంది. అది మరో ఫోన్‌కి అందిస్తుంది. అలా టవర్ అందే ఫోన్ దాకానో, నేరుగా అవతలి మనిషి ఫోన్ దాకానో చేరుతుంది. మధ్యలో ఉన్న ఫోన్లకి ఆ కబురుతో ఏ సంబంధమూ ఉండదు. మోసుకెళ్లడమే వాటి పని.

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోన్‌తో అవుతుందా?

కొంతవరకు అవుతుంది. బ్లూటూత్, వైఫై డైరెక్ట్ (రౌటర్ లేకుండా ఫోన్లని నేరుగా కలిపే వైఫై) మీద నడిచే మెసేజ్ యాప్‌లు ఉన్నాయి. 2014లో హాంకాంగ్ నిరసనల్లో ఫైర్‌చాట్ అనే యాప్‌ని జనం విరివిగా వాడారు. బ్రయర్, బ్రిడ్జ్‌ఫై లాంటివి ఆ తరహావే. పరికరాలు ఒకదాని కబురు ఇంకొకటి అందించుకునే బ్లూటూత్ మెష్ అనే ప్రమాణం 2017లో వచ్చింది. కాకపోతే అది ముఖ్యంగా లైట్లు, సెన్సర్ల కోసం.

మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే త్రీజీపీపీ సంస్థ ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా మాట్లాడే పద్ధతిని 4జీలో రిలీజ్ 12 అనే విడత ప్రమాణాలతో మొదలుపెట్టింది. ఒక ఫోన్ ఇంకో ఫోన్‌ని టవర్‌కి కలిపే రిలే పద్ధతి రిలీజ్ 13లో, 5జీకి తగ్గ రూపం 2022లో ముగిసిన రిలీజ్ 17లో వచ్చాయి. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది లాంటి వాళ్ల అవసరాల కోసం మొదలైన పని ఇది. మామూలు సిమ్ వాడేవాళ్లకి మన దగ్గర ఇంకా సర్వీసుగా అందలేదు.

మీకు తెలియకుండానే ఒక రిలేలో మీరు ఇప్పటికే ఉండి ఉండొచ్చు. పోయిన ఫోన్లనీ, ట్యాగ్‌లనీ (తాళాలకీ సంచులకీ తగిలించే జాడ బిళ్లలు) వెతికే ఆపిల్, గూగుల్ నెట్‌వర్క్‌లు దారిన పోయేవాళ్ల ఫోన్ల మీదే నడుస్తున్నాయి. ఎవరి ట్యాగో పలాస బస్టాండులో పడి ఉంటే, అటుగా వెళ్లిన మీ ఫోన్ దాని జాడని రహస్య లిపిలో పైకి పంపుతుంది. బ్యాటరీ, డేటా చాలా కొద్దిగా ఖర్చవుతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ ఖర్చు పెరిగిన చోటే అసలు ప్రశ్న మొదలవుతుంది.

ఇందులో న్యాయం, అన్యాయం అన్న మాట ఎందుకు వచ్చింది?

ఒక వీధిని ఊహించుకోండి. కవిటి వైపు ఒక ఊరు. సముద్రం వైపు చివరి ఇంటి నుంచి రోడ్డు దాకా వరసగా ఆరు ఇళ్లు, ఇంటికో ఫోన్. టవర్ అందేది రోడ్డు పక్కనున్న ఆరో ఇంటికే. ఒక్కో ఇంటివాళ్లు బయట ఉన్న తమ వాళ్లకి ఒక్కో మెసేజ్ పెట్టారు.

మొదటి ఇంటి ఫోన్ ఒక్కసారే పంపుతుంది, తనది. రెండో ఇంటి ఫోన్ తనదీ, మొదటి ఇంటిదీ కలిపి రెండు. మూడోది మూడు. ఆరో ఇంటి ఫోన్ ఆరు పంపాలి. మొత్తం 21 సార్లు పంపితే అందులో ఆరు ఆ ఒక్క ఇంటి మీదే పడ్డాయి. ఆ ఇంటివాళ్లకి టవర్ ఎలాగూ అందుతోంది, ఎవరి సాయమూ అక్కర్లేదు. మొదటి ఇంటివాళ్లకి అందరి సాయమూ కావాలి, వాళ్లు మోసేది మాత్రం ఒక్కటే. అవసరం వీధికి ఒక కొసన, బరువు ఇంకో కొసన.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇళ్లు ఉన్న తీరే అంత. అందుకే "అందరూ మంచి మనసుతో సాయం చేసుకుంటే సరిపోతుంది" అన్న మాట నాకు సరిపడదు. మనసు ఎంత మంచిదైనా బ్యాటరీ అయిపోతుంది. అది రోజూ ఒకరిదే అయిపోతే మూడో రోజుకి వాళ్లు ఫోన్ కట్టేస్తారు, వీధి అంతా తెగిపోతుంది.

రిలే వల్ల లాభం ఎవరికి ఎక్కువ?

దూరంగా ఉన్నవాళ్లకే, మెసేజ్ చేరడం ఒక్కటే కాదు, బ్యాటరీ లెక్కలో కూడా. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట 4జీ ఫోన్ టవర్‌కి వినపడటానికి తన పూర్తి శక్తితో, అంటే సుమారు 200 మిల్లీవాట్లతో ప్రసారం చేస్తుంది. ఇళ్లూ చెట్లూ ఉన్న చోట సిగ్నల్ బలం దూరానికి నాలుగో ఘాతం చొప్పున పడిపోతుందనుకుంటే, దూరం సగమైతే కావాల్సిన శక్తి పదహారో వంతుకి దిగుతుంది. సరిగ్గా మధ్యలో ఒక ఫోన్ నిలబడితే రెండు అంగల్లో కలిపి ఎనిమిదో వంతు శక్తితో పని అయిపోతుంది.

మొత్తం మీద చూస్తే ఆదాయే. కానీ ఆదా అంతా దూరం ఫోన్‌ది, కొత్తగా పడిన ఖర్చంతా మధ్య ఫోన్‌ది. మొత్తం ఆదాని చూపించి పద్ధతి బాగుందనేవాళ్లు ఈ పంపకం సంగతి చెప్పరు.

మధ్యలో ఉన్న ఫోన్‌కి బ్యాటరీ నిజంగా అంత పోతుందా?

చిన్న మెసేజ్ పంపడానికి పెద్దగా పోదు. పోయేది వినడానికి. ఎవరి కబురు ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి రిలే ఫోన్ రేడియోని మేలుకొలిపే ఉంచాలి. జేబులో ఊరికే ఉన్న ఫోన్ చాలాసేపు నిద్రపోతుంది, అందుకే చార్జింగ్ నిలుస్తుంది. రిలే ఫోన్‌కి ఆ నిద్ర ఉండదు. ఒక్క మెసేజ్ కూడా మోయకపోయినా దాని బ్యాటరీ దిగుతూనే ఉంటుంది.

బ్లూటూత్ మెష్ రూపొందించినవాళ్లు దీనికి ఒక మంచి ఏర్పాటు చేశారు. కరెంటుకి కలిపి ఉన్న పరికరం 'ఫ్రెండ్'గా ఉంటుంది. బ్యాటరీ తక్కువున్న పరికరం నిద్రపోతూ అప్పుడప్పుడూ లేచి "నాకేమైనా వచ్చిందా" అని ఫ్రెండ్‌ని అడుగుతుంది. అప్పటిదాకా వచ్చినవాటిని ఫ్రెండ్ దాచిపెడుతుంది. ఓపిక ఉన్నవాళ్లే మోయాలన్న సంగతిని ప్రమాణంలోనే రాసేశారు. ఫోన్ల రిలేకి కూడా నాకు నచ్చిన దారి ఇదే.

అందరూ సమానంగా మోస్తే న్యాయమేగా?

పై వీధిలో సమానంగా మోయడం కుదరదు. ఇళ్లని జరపలేం. వీధిలో రెండు మూడు దారులు ఉంటే మెసేజ్‌లని మార్చి మార్చి పంపొచ్చు, అప్పుడు కొంత సమానమవుతుంది.

ఇక అసలు చిక్కు చూడండి. ఇద్దరి ఫోన్లు చెరో పది శాతం బ్యాటరీ ఖర్చుపెట్టి మోశాయి. లెక్కలో సమానం. ఒకరికి ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఫోన్ తొంభై శాతంలో ఉంది. ఇంకొకరి ఫోన్ పదిహేనులో ఉంది, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, విశాఖలో ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి ఫోన్ రావాలి. మొదటివాళ్లకి పది శాతం పోయినా ఏమీ కాలేదు. రెండోవాళ్లకి అది ఆఖరి ఫోన్ కాల్. ఈ రెండు పదులూ ఒకటేనంటే నేను ఒప్పుకోను.

తిత్లీ తర్వాత ఉద్దానంలో ఇది కళ్లారా కనిపించింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి, స్తంభాలు పడిపోయాయి, చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. జనరేటర్ ఉన్న ఇంటి అరుగు మీద ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఫోన్లన్నీ వరసగా తగిలించి, మీద పేరు రాసిన ప్లాస్టర్ ముక్క అంటించి, కాసేపటికోసారి మార్చేవారు. ఒక పెద్దావిడ తన ఫోన్ ఇవ్వనంది. "కొడుకు చేస్తాడు బాబూ, అదే టైములో ఇక్కడుంటే ఏటవుద్ది?" అంది. అలాంటి మనిషి ఫోన్‌ని రిలేకి వాడుకుంటామంటే ముందు ఆమెని అడగాలి, ఆమె వద్దంటే ఊరుకోవాలి.

భారం సమంగా ఉందో లేదో కొలిచే లెక్క ఏదైనా ఉందా?

ఉంది. రాజ్ జైన్, ఆయన సహచరులు 1984లో ప్రతిపాదించిన సూచికని నెట్‌వర్క్ పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. అందరి భారాన్నీ కూడి వర్గం చేయాలి. ఒక్కొక్కరి భారాన్ని వర్గం చేసి కూడి, మనుషుల సంఖ్యతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే సూచిక. అందరిదీ సమానమైతే 1 వస్తుంది. ఆరుగురిలో ఒక్కరే మోస్తే ఆరో వంతు, అంటే సుమారు 0.17 వస్తుంది.

మన వీధికి వేసి చూద్దాం. 1 నుంచి 6 వరకు కూడితే 21, వర్గం 441. వర్గాల మొత్తం 91, దాన్ని ఆరుతో గుణిస్తే 546. భాగిస్తే 0.81. కాగితం మీద చూస్తే ఫర్వాలేదనిపించే అంకె అది. ఆరో ఇంటి ఫోన్ మధ్యాహ్నానికే ఆగిపోయిన సంగతి అందులో కనపడదు. లెక్క తప్పు కాదు. లెక్కలోకి మెసేజ్‌ల సంఖ్య ఇచ్చామా, మిగిలిన బ్యాటరీలో పోయిన వంతు ఇచ్చామా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. రెండోది ఇవ్వాలంటాను.

ఇంకో ఆలోచన ఏమిటంటే, అందరికంటే అధ్వానంగా ఉన్నవాళ్లని ముందు చూడటం. వాళ్ల పరిస్థితి ఇక మెరుగుపరచలేం అన్నంత వరకు మెరుగుపరచి, ఆ తర్వాతే పైవాళ్ల దగ్గరికి వెళ్లాలి. బ్యాటరీ తక్కువున్న ఫోన్‌ని చివరిదాకా రిలేకి పిలవకపోవడం ఈ లెక్కలోదే.

తమ మెసేజ్‌లు పంపుకుంటూ, ఇతరులవి మోయని ఫోన్లని పట్టుకోవచ్చా?

2000లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వాచ్‌డాగ్ అనే పద్ధతి చెప్పారు. నేను మీ ఫోన్‌కి ఒక మెసేజ్ ఇచ్చాక, మీరు దాన్ని ముందుకి పంపారో లేదో నా ఫోన్ వింటుంది. పంపకపోతే గుర్తుపెట్టుకుని మీ మీదుగా వెళ్లడం మానేస్తుంది.

వినడానికి బాగుంది, ఆచరణలో రెండు లోపాలు. ఒకటి, మోయనివాడి మీదుగా ఎవరూ వెళ్లకపోతే వాడికి శిక్ష ఏమీ లేదు, పని తప్పింది. తన మెసేజ్‌లు మాత్రం మిగతావాళ్లు మోస్తూనే ఉంటారు. తర్వాత వచ్చిన కొన్ని పద్ధతుల్లో అలాంటివాళ్లని మొత్తంగా వెలివేశారు. రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టేది. ఫోన్ మోయకపోవడానికి స్వార్థం ఒక్కటే కారణం కాదు. బ్యాటరీ అయిపోవచ్చు. ఒకేసారి రెండు ప్రసారాలు ఢీకొని మీకు వినపడకపోవచ్చు. వర్షానికి తడిసిన జీడాకుల మధ్య సిగ్నల్ చచ్చిపోవచ్చు, ఎందుకంటే బ్లూటూత్, వైఫై వాడే తరంగాలని నీరు బాగా పీల్చేస్తుంది. పాత ఫోన్‌లో యాప్‌ని సాఫ్ట్‌వేరే మూసేయవచ్చు. వీళ్లందరినీ స్వార్థపరులని ముద్రవేస్తే దెబ్బ తినేది పాత ఫోన్ ఉన్న పేదవాళ్లే.

మోసినందుకు పాయింట్లో, డబ్బో ఇస్తే?

ఈ ఆలోచన కూడా పాతికేళ్ల నాటిదే. స్విట్జర్లాండ్‌లోని లొజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో బుట్యాన్, యుబో అనే పరిశోధకులు 'నగ్లెట్లు' అనే లెక్క చెప్పారు. ఇతరుల మెసేజ్ మోస్తే ఫోన్‌లో కౌంటర్ పెరుగుతుంది, సొంత మెసేజ్ పంపితే మధ్యలో మోసే ఫోన్ల సంఖ్యని బట్టి తగ్గుతుంది, సున్నాకి వస్తే పంపలేరు. కౌంటర్‌ని ఎవరూ మార్చకుండా ఫోన్‌లో ప్రత్యేకమైన చిప్ ఉండాలి. 2003లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 'స్ప్రైట్' అనే పద్ధతిలో ఆ చిప్ అక్కర్లేకుండా చేశారు. మోసిన ప్రతిదానికీ ఫోన్ ఒక రసీదు దాచుకుని, నెట్ దొరికినప్పుడు ఒక కేంద్రానికి అప్పజెప్పి జమ వేయించుకుంటుంది.

తెలివైన పద్ధతులే. అయితే మన వీధిలోని మొదటి ఇంటిని గుర్తుచేసుకోండి. ఆ ఇంటి ఆవల ఎవరూ లేరు, సముద్రమే. వాళ్ల మీదుగా ఎవరి మెసేజూ పోదు. పాయింట్లు సంపాదించే అవకాశమే లేదు, ఖర్చుపెట్టాల్సింది మాత్రం అందరికంటే ఎక్కువ. వంశధార కాలువ శివారు రైతుకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. పైవాళ్ల తప్పు ఉన్నా లేకపోయినా నీళ్లు ఆఖరికి చేరేది అతని చేనికే, అవీ మిగిలితే. పాయింట్ల పద్ధతి శివారు ఇంటిని ముందు బాకీదారుని చేస్తుంది, తర్వాత మూగని చేస్తుంది.

అందుకని పాయింట్లు పెట్టాలనుకుంటే అందరికీ రోజూ కొన్ని ఊరికే ఇవ్వాలి. ఎవరూ గుట్టలుగా పోగేసుకోకుండా పరిమితి పెట్టాలి. ప్రాణాపాయం, ఆసుపత్రి, కనిపించకుండా పోయిన మనుషుల కబుర్లకి పాయింట్లతో పని ఉండకూడదు. ఈ మూడూ లేని పాయింట్ల పద్ధతి మన ఊళ్లకి వద్దు.

నా ఫోన్ మీదుగా వేరేవాళ్లు నెట్ వాడితే డేటా ఎవరి ఖాతాలో పోతుంది?

హాట్‌స్పాట్ అయితే పూర్తిగా మీ ఖాతాలోనే. బయటికి కనిపించేది కూడా మీ కనెక్షనే, కాబట్టి ముక్కూమొహం తెలియనివాళ్లకి పాస్‌వర్డ్ లేకుండా తెరిచిపెట్టకండి.

5జీ రిలే ప్రమాణంలో రెండు రకాలు ఉన్నాయి. ఒకదానిలో దూరపు ఫోన్ డేటా మధ్య ఫోన్ కనెక్షన్ మీదుగానే పోతుంది. రెండోదానిలో దూరపు ఫోన్‌కి నెట్‌వర్క్‌తో సొంత కనెక్షన్ ఉంటుంది, మధ్య ఫోన్ దారి మాత్రమే ఇస్తుంది. రెండోదానిలో ఎవరి వాడకం వాళ్ల లెక్కలో రాసుకోవడం తేలిక. ఆపరేటర్లు ఎప్పుడైనా దీన్ని సర్వీసుగా తెస్తే రెండో రకమే అడగాలి. దానితో పాటు, టవర్ కట్టాల్సిన చోట కట్టకుండా జనం ఫోన్లనే టవర్లుగా వాడుకుంటే ఆ జనానికి బిల్లులో తగ్గింపు ఇవ్వడం ధర్మం. టవర్ దగ్గర డీజిల్‌కి డబ్బిచ్చే కంపెనీ బ్యాటరీకి ఎందుకివ్వదు?

మధ్యలో ఉన్నవాళ్లు నా మెసేజ్ చదివేస్తారా?

మంచి యాప్ అయితే పంపిన ఫోన్‌లో తాళం పడిన మెసేజ్ అందుకున్న ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యవాళ్లకి అర్థం కాదు. ఎవరి ఫోన్ ఏ సమయంలో ఎంత పంపుతోందన్నది మాత్రం కొంత తెలియవచ్చు. ఈ తరహా యాప్‌లన్నీ ఒకే నాణ్యతవి కావు, కొన్నిటిలో గట్టి లోపాలు బయటపడ్డాయి. గుట్టుగా ఉండాల్సిన సంగతులు వీటిలో పెట్టకపోవడమే మేలు.

ఇంత గొడవెందుకు, సిగ్నల్ బూస్టర్ కొని పెట్టుకుంటే పోలా?

వద్దు. అనుమతి లేకుండా మొబైల్ సిగ్నల్ బూస్టర్ అమ్మడం, పెట్టడం మన దేశంలో నేరం. చట్టం సంగతి పక్కనపెట్టినా అది పొరుగువాళ్లకి అన్యాయం. నాసిరకం బూస్టర్ మీ ఇంట్లో నాలుగు గీతలు చూపిస్తూ టవర్ వైపు రొద పంపుతుంది. ఆ టవర్ మీద ఆధారపడ్డ అందరి కాల్స్ తెగిపోతాయి. మీ ఇంట్లో సిగ్నల్ బాగుపడింది, వీధిలో ఎందుకు పోయిందో ఎవరికీ అర్థం కాదు. బ్లూటూత్, వైఫై సంగతి వేరు. అవి వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి నిర్ణీత శక్తి లోపల లైసెన్సు అక్కర్లేదు.

విజయనగరం సిరిమాను ఉత్సవంలో నెట్ అందదు. అక్కడ పనికొస్తుందా?

అక్కడ లెక్క తిరగబడుతుంది. విజయదశమి తర్వాత మంగళవారం, పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను తిరిగేటప్పుడు ఫోన్ల కొరత ఉండదు, గాలిలో చోటు కొరత. ఒకరు మాట్లాడుతుంటే అదే చానెల్‌లో చుట్టుపక్కలవాళ్లు ఆగాలి. 2000లో గుప్తా, కుమార్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గణితంతో చూపించిన సంగతి ఇది: వైర్‌లెస్ రిలేలో మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి దక్కే వేగం తగ్గుతూ పోతుంది. మోసేవాళ్లు పెరిగారు కదా అని వేగం పెరగదు, ఎందుకంటే మోసే ప్రతి అంగా గాలిలో కొంత చోటు తింటుంది.

జనంలో ప్రతి ఫోనూ విన్న ప్రతిదాన్నీ తిరిగి చెబితే రొద తప్ప ఏమీ మిగలదు. కాబట్టి ఎన్ని అంగలు పోవచ్చో మెసేజ్ మీదే రాసి ఉండాలి. ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పకూడదు. కొద్ది ఫోన్లే రిలే చేయాలి. అంతమందిలో ఎంచుకోవడం తేలిక కూడా. చార్జింగ్ నిండుగా ఉన్నవి, వైర్‌కి తగిలించి ఉన్న దుకాణాల ఫోన్లు చాలు. ఇక్కడ న్యాయం అంటే ఎవరు ఎంత మోశారన్నది కాదు, గాలిలో ఎవరు ఎంతసేపు చోటు ఆక్రమించారన్నది. ఒకరు వీడియో పంపే సమయంలో వందల మంది "పిల్లాడు దొరికాడు" అన్నంత మెసేజ్‌లు పంపుకోవచ్చు. ఆ రోజు వీడియోలు ఇంటికెళ్లి పెట్టుకోండి.

మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో?

ఊరికీ ఊరికీ మధ్య కిలోమీటర్లు. బ్లూటూత్ ఇళ్ల మధ్య పది ఇరవై మీటర్లు, ఆరుబయట ఇంకాస్త. గొలుసు కలవదు. అక్కడ కుదిరేది ఇంకో రకం: మెసేజ్ ఫోన్‌లోనే ఆగి ఉండి, మనిషి నడిచి సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లినప్పుడు బయటికి పోవడం. సంతకి వెళ్లేవాళ్ల ఫోన్‌లో ఊరి మెసేజ్‌లన్నీ ఎక్కి వెళ్తాయి, జవాబులు సాయంత్రానికి దిగుతాయి.

ఇక్కడ బరువంతా రోజూ తిరిగే మనిషి మీద పడుతుంది. ఆటో నడిపే అతను, ఆశా కార్యకర్త, కాలేజీకి వెళ్లే పిల్ల. వాళ్లకి బ్యాటరీ కంటే టైము పెద్ద ఖర్చు, సిగ్నల్ దగ్గర కాసేపు ఆగాలి. ఆటో అతనికి వారానికి ఇంత అని ఊరంతా కలిసి ఇవ్వడంలో తప్పేమీ లేదు. ఆశా కార్యకర్త ఫోన్‌ని మాత్రం ఆరోగ్యం కబుర్లకే వదిలేయండి. ఆమె మీద ఇప్పటికే ఉన్న పని చాలు. ఎన్ని చేసినా ఇది టవర్‌కి బదులు కాదు, టవర్ కోసం అడగడం మానకండి.

సముద్రంలో పడవల మధ్య?

ఫోన్ల రిలేని నమ్ముకుని వేటకి వెళ్లొద్దు. పడవల మధ్య దూరానికి బ్లూటూత్ చాలదు. వీహెచ్ఎఫ్ రేడియో సెట్లు, ఇస్రో రూపొందించిన ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు (ఉపగ్రహం మీదుగా కబురు పంపే పరికరాలు) ఆ పనికి ఉన్నవి.

నాది కీప్యాడ్ ఫోన్. నాకు ఇందులో చోటుందా?

మోయలేరు, కానీ మీ కబురు పక్కింటి ఫోన్ నుంచి పోవాలి, అడగడానికి మొహమాటపడకండి. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లే మనుషులన్నట్టు పెట్టే నియమం ఏదైనా తప్పు నియమమే.

నాకు ఇష్టం లేదు. ఆపేయొచ్చా?

ఆపేయొచ్చు. ఆపే మీట ప్రతి యాప్‌లోనూ కనపడే చోట ఉండాలి. పైన చెప్పిన ఆపిల్, గూగుల్ నెట్‌వర్క్‌ల నుంచి కూడా సెట్టింగుల్లోకి వెళ్లి తప్పుకోవచ్చు. ఆపినవాళ్ల మెసేజ్ మోయాలా వద్దా అని అడుగుతారు. మామూలు రోజుల్లో వాళ్ల వంతు చివర్లో రావడం సబబే. తుపాను రోజున ఆ లెక్క పెట్టుకోకూడదు.

తుపాను ముందు మా వీధిలో ఏం మాట్లాడుకోవాలి?

ముందుగా ఒక సంగతి. తుపాన్లప్పుడు టెలికాం శాఖ ఆదేశిస్తే ఏ కంపెనీ సిమ్ అయినా బతికి ఉన్న ఏ కంపెనీ టవర్ మీదైనా పనిచేసే ఏర్పాటు చేస్తారు. కాబట్టి మీ నెట్‌వర్క్ పోతే సెట్టింగుల్లోకి వెళ్లి వేరే నెట్‌వర్క్ ఎంచుకుని చూడండి. అది పనిచేస్తే రిలే అక్కర్లేదు.

రిలే కావాల్సి వస్తే అందరికంటే మేలు చేసే ఒప్పందం టైము. గంటలో మొదటి పది నిమిషాలే అందరూ బ్లూటూత్ తెరవాలని అనుకోండి. వినే ఖర్చు ఆరో వంతుకి తగ్గుతుంది, మధ్య ఇళ్ల ఫోన్లు రోజంతా బతుకుతాయి. కబురు గంట ఆలస్యమైతే చాలాసార్లు ఫర్వాలేదు. ప్రాణం మీదికి వస్తే మనిషే పరుగెత్తుకెళ్తాడు.

ఇన్వర్టర్, సోలార్ ప్యానెల్ ఉన్న ఇళ్లు ఏవో ముందే తెలుసుకోండి. మోసే పని మొదట వాళ్లది. దానికి బదులుగా ఆ ఇళ్లకి మిగతావాళ్లు నీళ్లో, కూరగాయలో, పడిన చెట్టు నరికే సాయమో అందిస్తే ఎవరికీ భారమనిపించదు. నలభై శాతం కంటే తక్కువ చార్జింగ్ ఉన్న ఫోన్‌ని మోయమని అడగొద్దు. నలభై అన్నది నా అంచనా, మీ ఊరి కరెంటుని బట్టి పెంచుకోండి, తగ్గించుకోకండి. ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు వద్దు, రెండు వరసల మాటలు చాలు. ముందు ఆసుపత్రి కబుర్లు, తర్వాత వేటకెళ్లినవాళ్లవి, ఆ తర్వాత "క్షేమం" అన్నవి.

ఇది పనిచేస్తుందో లేదో ఎప్పుడు చూసుకోవాలి?

ఉత్తరాంధ్రని గట్టిగా కొట్టిన హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబరువే. సెప్టెంబరులో ఒక ఆదివారం చాలు. అన్ని ఫోన్లనీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేసి, చివరి ఇంటి నుంచి రోడ్డు దాకా ఒక మెసేజ్ పంపండి. ఏ ఇంటి దగ్గర ఆగిపోయిందో రాసుకోండి. వాన కురిసిన మర్నాడు ఆకులు తడిగా ఉండగా మళ్లీ చేయండి, ఆగే చోటు మారుతుంది. ఆ చోట ఎవరి డాబా మీద ఫోన్ పెడితే గొలుసు కలుస్తుందో చూసి, ఆ ఇంటివాళ్లతో వెళ్లి మాట్లాడండి. వాళ్ల ఫోన్‌కి చార్జింగ్ ఎక్కడి నుంచి వస్తుందో కూడా అప్పుడే తేల్చుకోండి.